పదో మెట్టు మీద గరికపాలెం

గరికపాలెం పేట,
అద్దంకి దగ్గర.
16 ఫిబ్రవరి 1986

ప్రియమైన జయకుమారి అక్కకు, చెల్లెలు రెబ్కా వందనాలు.

ముందుగా నా రాత చూసి నవ్వకు. అయిదో తరగతితో ఆగిపోయినదాన్ని. ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియక కొన్నిచోట్ల రెండేసి పెట్టాను, కొన్నిచోట్ల అసలు వదిలేశాను. పొద్దుటినుంచి మిరపకాయలు కోసిన వేళ్లు పెన్ను పట్టుకుంటే మండుతున్నాయి. అందుకే అక్షరాలు వంకర పోయాయి. నువ్వు గుంటూరులో ఆఫీసు కాగితాలు చూసే మనిషివి, తప్పులు నీ కళ్లకు ముందు కనపడతాయి. దిద్దుకుని చదువుకో.

మీ ఆఫీసు సర్వే అమ్మాయిలు ఇద్దరు వచ్చి వెళ్లారు. పేటవాళ్లందర్నీ చర్చిలోనే కూర్చోబెట్టారు. గోడకు ఒక నిచ్చెన బొమ్మ తగిలించారు. దానికి పది మెట్లున్నాయి. "మీ జీవితములో సంతోషము, సమాధానము, తృప్తి ఏ మెట్టున ఉన్నవి?" అని కాగితం చూసి చదివారు. అందరికంటే ముందు మా అత్త ఆదెమ్మ లేచింది. నెత్తిన కొంగు కప్పుకుంది.

"దేవునికి స్తోత్రం! మోకాళ్లు పట్టేసినా నన్ను నడిపిస్తున్నాడు. అప్పు తెచ్చిన గింజలైనా గిన్నెలో పడేస్తున్నాడు. నన్ను పదో మెట్టు మీద నిలబెట్టాడు, హల్లెలూయ!"

అందరూ హల్లెలూయ అన్నారు. అత్త పది అన్నాక ఆమె తోటికోడలు తొమ్మిది అంటుందా? ఆమె కూడా పదే అంది. ఆ తర్వాత ఇక ఎవరూ దిగలేదు. జక్రయ్య మామ అయితే "పైన ఇంకో మెట్టు గీయడానికి వీలుందా అమ్మా?" అని అడిగాడు. నా వంతు వచ్చింది. నా నోరు పెగల్లేదు, నా సంగతి నీకు తెలుసుగా. అత్తే అందుకుంది. "అది నా కోడలు లేమ్మా. నేను పదైతే అదీ పదే. విడిగా రాయడం ఎందుకు?" అంది. వాళ్లు రాసుకున్నారు.

తర్వాత ఊళ్లోకి, రైతుల బజారుకు వెళ్లారట. జక్రయ్య మామ చెంచురామయ్య గారి దగ్గర జీతానికి ఉంటున్నాడు కదా, అతను చెప్పాడు. వసారా నిండా మిరపకాయలు కుక్కిన గోతాలు, టిక్కీలు పేర్చి ఉన్నాయట. కాగితాలవాళ్లు వస్తున్నారనగానే ఆయన భార్య రాజ్యం గారు వాటి మీద పరదా కప్పించిందట. "ఏ మెట్టండీ?" అంటే చెంచురామయ్య గారు "మెట్టేమిటమ్మా? మేం నిచ్చెన కింద గోతిలో ఉన్నాం. పురుగు తినేసింది, ధర పడిపోయింది, ముద్ద దిగట్లేదు" అన్నారట. ఆ మాట అంటున్నప్పుడు ఆయన భోజనం చేసి తేన్చుతున్నారట.

ఊరికి ఒక బోరింగు వేస్తారని ఆ అమ్మాయిలు చెప్పారు. అది ఏ బజారులో వేసేదీ ఈ జవాబులను బట్టే తేలుతుందట. అక్కా, అది మా పేటకు రావాలి. ఇప్పుడు నీళ్లకు ఊరి బావి దగ్గరకు వెళ్తే మేం గట్టు ఎక్కకూడదు. బిందెలు కింద పెట్టి, ఎవరో ఒకరు వచ్చి తోడి పోసేదాకా ఎండలో నిలబడాలి. నీళ్లకు నిలబడితే కూలి పోతుంది, కూలికి పోతే ఇంట్లో చుక్క ఉండదు. పెళ్లయి రెండేళ్లవుతోంది, అమ్మను చూడటానికి పిడుగురాళ్ల వెళ్లలేదు. అడిగినప్పుడల్లా అత్త "నువ్వెళ్తే నీళ్లెవరు తెస్తారే, నా మోకాళ్లా?" అంటుంది. సున్నం బట్టీ దుమ్ముకు అమ్మ దగ్గు ఎక్కువైందని కబురొచ్చింది. ఆ బోరింగు వస్తే వెళ్లగలను. మాట సాయం చెయ్యి.

నీ చెల్లెలు,
రెబ్కా

*

గుంటూరు,
5 మార్చి 1986

చెల్లీ రెబ్కా,

నీ ఒత్తులు బాగానే ఉన్నాయి. మా ఆఫీసులో బి.ఏ.లు రాసేవాటికంటే నయం. నీ ఉత్తరం చదివి నవ్వాను. ఆ తర్వాత ఇంకో కాగితం చదివి నవ్వు పోయింది. అందుకే జవాబు ఆలస్యమైంది.

ముందు మంచి కబురు. ఏడు దేశాల్లో పల్లెలన్నిటినీ ఇదే నిచ్చెన చూపించి అడిగారు. అన్నిటినీ ఒక చార్టు మీద గీశారు. గరికపాలెం పేట మొత్తం మీద మొదటిది. మీ గీత కాగితం అంచు దాటిపోతే పైన ఇంకో ముక్క అతికించాం. మా సూపర్వైజరు జయరావు గారు అందరికీ మైసూరుపాకు పంచారు. ఇంటింటికీ కుళాయి, ప్రతి గదిలో దీపం ఉన్న దేశం ఒకటుంది, అది ఆరు దగ్గర ఆగిపోయింది. అక్కడ ఎవరైనా పది అంటే గొప్పలు పోతున్నాడని చెప్పుకుంటారట. ఇంకో దేశంలో మనిషి మధ్యలో ఉండటమే మర్యాదట, పల్లె మొత్తం అయిదే చెప్పింది. జయరావు గారు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, "చూశావా జయకుమారీ, అంకె అబద్ధం చెప్పదు" అన్నారు.

ఇక చెడ్డ కబురు. బోరింగు అడుగు మెట్టున ఉన్నవాళ్లకే ఇస్తారు. మీ ఊరి రైతుల బజారు అన్ని దేశాల్లోకీ ఆఖరిది. కరువొచ్చి గడ్డి తిన్నామని చెప్పిన పల్లె కూడా వాళ్లకంటే రెండు మెట్లు పైనుంది. చెంచురామయ్య గారి బజారు మీద జాలిపడి మా టైపిస్టు రహమతున్నీసా కళ్లు తుడుచుకుంది. టిక్కీల మీద పరదా సంగతి నేను దానికి చెప్పలేదు.

ఇంకొక మాట రాయాలి. అది ఇప్పుడు కాదు. ఆరోగ్యం జాగ్రత్త.

అక్క,
జయకుమారి

*

గరికపాలెం పేట,
13 ఏప్రిల్ 1986

ప్రియమైన అక్కకు వందనాలు.

నీ ఉత్తరం అత్తకు చదివి వినిపించాను. మొదటి స్థానం అన్నదాకా విని, మిగతాది వినకుండా పేటంతా చెప్పడానికి వెళ్లిపోయింది. చెప్పి తిరిగొచ్చాక మిగతాది చదివాను.

"ఈసారి అడిగితే రెండు మెట్లన్నా దిగి చెప్పండి అత్తా" అన్నాను. నా పెళ్లయ్యాక ఆమెతో అన్న మాటల్లో అదే పెద్దది.

"దిగాలా? చర్చిలో నిలబడి దేవుడు నాకేం చెయ్యలేదని చెప్పాలా?"

"అది కాదు..."

"మరి ఏదే? ఊళ్లోవాళ్లు వింటుండగా మా బతుకు బాగాలేదని ఏడవాలా? నీళ్లు పోసేటప్పుడే మన మొహంలోకి చూడరు. ఏడుపు కూడా వాళ్లకు వేడుక చెయ్యమంటావా?"

పాస్టరు ఇమ్మానియేలు గారిని అడిగించాను. సణుక్కోవడం పాపమని ఆయనే పోయిన నెల ప్రసంగం చేశారు. ఇప్పుడు సణుక్కోండని ఎలా చెబుతారు? గడ్డం గోక్కుని, "చూద్దాం" అన్నారు.

కానీ అక్కా, ఆదివారం ఒకటి గమనించాను. సాక్ష్యాల వేళ అత్త మామూలుగానే లేచి పదో మెట్టు చెప్పింది. ఆ తర్వాత ఆరాధన చివర పాస్టరు గారు "ప్రార్థన మనవులు ఉన్నవాళ్లు చెప్పండి" అన్నారు. అప్పుడూ అత్తే లేచింది. లేచి నీళ్లు లేవని, మోకాళ్లు లేవనివ్వడం లేదని, ఎండలో నిలబడి కోడలు నల్లబడిపోతోందని ఏడ్చింది. నా గురించి కూడా చెబుతుందని నాకు తెలియదు. గడియ కిందట పది చెప్పిన మనిషే. రెండూ నిజమే. సాక్ష్యం వేళ ఉన్నదానికి కృతజ్ఞత చెప్పాలి, మనవి వేళ లేనిది అడగాలి. అక్కడ ఇది, ఇక్కడ అది చెబితే నామర్దా. మీ అమ్మాయిలు సాక్ష్యం అడిగి వెళ్లిపోయారు. మీ కోసం ఏం ప్రార్థన చెయ్యమంటారు అని అడిగుంటే మేం ఒకటో మెట్టు మీద కూడా నిలబడేవాళ్లం కాదు.

ఊళ్లోనూ అలాగే ఉంది. చెంచురామయ్య గారి కూతురు వెంకటేశ్వరమ్మకు సంబంధాలు చూస్తున్నారు. చిలకలూరిపేట నుంచి ఒక మధ్యవర్తి వచ్చాడట. అదే వసారా, అదే మంచం. జక్రయ్య మామ వాకిట్లో గొడ్లకు మేత వేస్తూ విన్నాడు.

"మా ఇంటికేమండీ! నల్లరేగడి ఒకే చెక్క. మోటారుంది. పోయిన ఏడు మిరప విరగకాసింది. ఇల్లు చూస్తున్నారుగా!" అన్నారట చెంచురామయ్య గారు. పరదా కూడా ఆయనే తీయించారట.

మధ్యవర్తి ముందు పది, సర్వే అమ్మాయి ముందు గొయ్యి. కొత్తవాళ్ల ముందు బాగున్నానంటే దిష్టి తగులుతుందని వాళ్ల భయం. పైగా కాగితం పట్టుకొచ్చినవాళ్లు పన్ను కోసం వచ్చారో ఏమో. వాళ్లది అబద్ధమని కూడా నేను అనను, వాళ్ల అలవాటు అది. మరి మీ చార్టు మీద మమ్మల్నీ వాళ్లనీ ఒకే నిచ్చెన ఎలా ఎక్కించారు? తెలియక అడుగుతున్నాను. వీలుంటే ప్రశ్న మార్పించు.

నీ చెల్లెలు,
రెబ్కా

*

గుంటూరు,
9 మే 1986

రెబ్కా,

నీ ఉత్తరంలో ముక్క జయరావు గారికి చెప్పాను, నీ పేరు చెప్పలేదు. జరిగిన సంభాషణ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఏడు దేశాలకూ ఒకే ప్రశ్నమ్మా. ఇక్కడ ప్రార్థన అని, అక్కడ పెళ్లిసంబంధం అని అడిగితే రెండింటినీ పక్కపక్కన ఎలా పెడతాం?"

"పెట్టకపోతే ఏమవుతుందండీ?"

"పెట్టకపోతే చార్టు ఉండదు. చార్టు లేకపోతే ఆఫీసు ఉండదు. ఆఫీసు లేకపోతే నువ్వూ ఉండవు, నేనూ ఉండను."

నేను తిరిగి నా బల్ల దగ్గరకు వెళ్లాను. నా జీతం మీద ఇక్కడ ముగ్గురం తింటున్నాం.

అప్పుడు రాయనన్న మాట ఇప్పుడు రాస్తాను. ఆ ప్రశ్న ఇంగ్లీషులో నాలుగు పొడి మాటలు. దాన్ని తెలుగు చేసింది నేనే. మనవాళ్లకు అర్థమవ్వాలని సంతోషము, మనశ్శాంతికి సమాధానము అని చర్చి భాషలో పెట్టాను. పేటవాళ్లు ఒకచోట చేరడానికి చర్చి అయితే నీడగా ఉంటుందని చెప్పిందీ నేనే. చర్చిలో కూర్చోబెట్టి, చర్చి మాటల్లో అడిగితే మీరు సాక్ష్యం చెప్పక ఇంకేం చెబుతారు? తెలివిగా చేశాననుకున్నాను.

బోరింగు చెంచురామయ్య గారి ఇంటి ముందు వేయాలని ఉత్తర్వు తయారైంది. వర్షాలు తగ్గాక యంత్రం వస్తుంది. ఈలోగా జూన్‌లో పైదేశం నుంచి దొరగారు మీ పేట చూడటానికే వస్తున్నారు. నీళ్లు, కరెంటు లేకుండా మీరింత సంతోషంగా ఎలా ఉన్నారో తెలుసుకుని వాళ్ల దేశంవాళ్లకు నేర్పుతారట. ఆ రోజు మనవులు కూడా జరిగేలా చూడు. ఇంతకంటే నాకు తోచడం లేదు.

జయకుమారి

*

గరికపాలెం పేట,
29 జూన్ 1986

ప్రియమైన అక్కకు వందనాలు.

నువ్వు నీడ కోసమే చర్చి అన్నావు. నేనైనా అదే చెప్పేదాన్ని. దాని గురించి ఇక రాయకు.

దొరగారు వచ్చారు. జయరావు గారు మా మాటలు ఇంగ్లీషులోకి మార్చి చెబుతూ పక్కనే కూర్చున్నారు. ఆయన కోసం ఒక బిందె నీళ్లు ప్రత్యేకంగా తెచ్చాం. ఆ బిందె కోసం నేను పొద్దున్నే వెళ్లి నిలబడ్డాను. దొరగారు ఆ నీళ్లతో కాళ్లు కడుక్కుని, సీసాలో తెచ్చుకున్న నీళ్లు తాగారు.

నిచ్చెన మళ్లీ తగిలించారు. అందరూ మళ్లీ పది. దొరగారు మా అత్త చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అత్తకు సిగ్గేసి, "ఈయన్ని చెయ్యి లాక్కోమనండి" అని జయరావు గారితో అంటే, ఆయన అది ఇంగ్లీషులో ఏం చెప్పారో గానీ దొరగారు ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

చివర పాస్టరు గారు మనవులు అడిగారు. నువ్వు రాసింది ఆయనకు ముందే చెప్పాను. ఒక్కరూ లేవలేదు. దొరగారి ముందు మనవేమిటని అందరికీ బిడియం. అత్త నేల చూస్తోంది. అప్పుడు నేను లేచాను. ఎలా లేచానో నాకు తెలియదు. "నీళ్ల కోసం ప్రార్థన చెయ్యండి" అన్నాను. అంతే. కూర్చున్నాను.

నా వెనక పక్కింటి కరుణమ్మ లేచింది. "బావి దగ్గర నిన్న నా బిందె కాలితో నెట్టారు, అయ్యగారూ" అంది. తర్వాత అత్త. తర్వాత ఇక ఎవరు ఎప్పుడు లేచారో తెలియదు, అందరూ ఒకేసారి నీళ్లు నీళ్లు అని ఏడుస్తున్నారు. దొరగారు కంగారుగా జయరావు గారిని ఏదో అడిగారు. ఆయన ఒక్క ముక్క చెప్పారు. దొరగారు కళ్లు మూసుకుని తల వంచారు. కాసేపటికి పుస్తకం తీసి చాలా రాసుకున్నారు. ఏం రాసుకున్నారో నీకు తెలిస్తే చెప్పు. ఆశగా ఉంది.

కానీ ఆ సాయంత్రమే ఊళ్లో బోర్డు పాతారు. రేకు మీద తెల్లరంగు, నల్ల అక్షరాలు. బోరింగు వేయబోయే చోటని. నేను కూడబలుక్కుని చదివాను: "ఈ గ్రామములో మిక్కిలి దుఃఖముతోను, అసంతృప్తితోను జీవించుచున్న కుటుంబముల సహాయార్థము. స్థలము: శ్రీ చెంచురామయ్య గారి ఇంటి ముందు." చెంచురామయ్య గారికి ఊరికే వచ్చే బోరింగు మీద ఆనందమే. బోర్డు తీరిగ్గా చదవలేదనుకుంటాను. గొడ్లకు పనికొస్తుందని కుడితితొట్టి అక్కడికే జరిపించారు. రాజ్యం గారు "పేటవాళ్లు ఇటు రాకుండా ముళ్లకంప వేయించండి" అంటోందట.

నీ చెల్లెలు,
రెబ్కా

*

గుంటూరు,
20 జూలై 1986

రెబ్కా,

దొరగారి రిపోర్టు టైపుకు వచ్చింది. నీకు చెప్పకుండా ఉందామనుకున్నాను. ఉండలేను. "వీరు తమ ఆనందములో ఆత్మ దాహమును నీటితో పోల్చి పాడుదురు" అని రాశారు. మీ ఏడుపును దైవభక్తి అన్న శీర్షిక కింద వేశారు. జయరావు గారు చెప్పిన ఒక్క ముక్క ఏమిటని అడిగాను. "ప్రార్థన చేస్తున్నారని చెప్పాను. అబద్ధమా?" అన్నారు. అబద్ధం కాదు.

చర్చిలో నువ్వు లేచావన్న మాట మాత్రం నాలుగుసార్లు చదివాను.

బోర్డు సంగతి అడగలేదు గానీ చెబుతున్నాను. దాన్ని తెలుగు చేసిందీ నేనే. ఈసారి ఎవరికోసమూ ఏదీ మార్చలేదు. ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు, ఒక్క ముక్క వదలకుండా రాశాను. స్థలం పేరు వేయాలని నిబంధనలో ఉంది, అదీ వేశాను. అక్షరాలు దూరానికి కనపడేలా ఉన్నాయా?

జయకుమారి

*

గరికపాలెం పేట,
31 ఆగస్టు 1986

ప్రియమైన అక్కకు వందనాలు.

కనపడ్డాయి. బండి దిగకముందే కనపడ్డాయి.

చిలకలూరిపేట పెళ్లివారు వెంకటేశ్వరమ్మను చూడటానికి వచ్చారు. మేం బిందెలతో బావి గట్టు కింద నిలబడి ఉన్నాం, అంతా మా కళ్లముందే జరిగింది. పెళ్లికొడుకు మేనమామ బండి మీదనే ఉండి బోర్డు పైకి చదివాడు. గొంతు మంచిది, వీధంతా వినపడింది. మధ్యవర్తి చెయ్యి పట్టుకుని ఆగమన్నాడు గానీ ఆయన చివరిదాకా చదివేశాడు.

"ఏమయ్యా, ఒకే చెక్క అన్నావు, మోటారన్నావు. ఇక్కడ దుఃఖమని రాసుందేం?" అన్నాడు.

చెంచురామయ్య గారు పరుగున వచ్చారు. "రండి బావగారూ, అదేదో గవర్నమెంటు..."

"గవర్నమెంటు కాదండీ, పైదేశంవాళ్లని కింద రాసుంది. పైదేశందాకా తెలిసిన దుఃఖమంటే చిన్నదా? అప్పులెంతున్నాయి?"

"దమ్మిడీ లేదండీ! తిరుపతి వెంకన్న మీద ఒట్టు!"

"మరి అమ్మాయికేమైనా జబ్బా?"

రాజ్యం గారు ఆ మాట విని లోపల్నుంచి "మీ నోట్లో మన్ను పడ!" అంది. ఆ తర్వాత మర్యాదలు జరిగే వీల్లేకపోయింది. వాళ్లు కాఫీ కూడా తాగకుండా బండి తిప్పుకుపోయారు. చెంచురామయ్య గారు మా వైపు చూసి, "ఏంటే చూస్తారు? పోయండ్రా ఎవరో ఒకరు, వీళ్లకు నీళ్లు పోసి పంపించండి!" అని అరిచారు. ఆ రోజు మాకు నీళ్లు తొందరగా దొరికాయి.

వెంకటేశ్వరమ్మ కిటికీలోంచి చూస్తోంది. నా ఈడుదే. పాపం అనిపించింది అక్కా. దాన్నెవరూ ఏ మెట్టూ అడగలేదు.

బజారులో పెళ్లీడు పిల్లలున్న ఇళ్లు చాలా ఉన్నాయి. బోర్డు మీ ఇంటివైపు తిరిగి ఉందంటే మీ ఇంటివైపు తిరిగి ఉందని రోజూ తగువు పడుతున్నారు. ఎవరో రెండుసార్లు పేడ పూశారు. వాన వచ్చి కడిగేసింది.

నీ చెల్లెలు,
రెబ్కా

*

గుంటూరు,
21 సెప్టెంబరు 1986

చెల్లీ,

చెంచురామయ్య గారు మా ఆఫీసుకు వచ్చారు. పట్టుపంచ కట్టుకుని, రెండు వేళ్లకు ఉంగరాలు పెట్టుకుని వచ్చారు. నేనెవరో ఆయనకు తెలియదు.

"నా అంకె మార్చండి. నేను పదో మెట్టు మీద ఉన్నాను" అన్నారు.

"రాసిన జవాబు మార్చడానికి వీల్లేదండీ" అన్నారు జయరావు గారు.

"నేను చెప్పింది అబద్ధమండీ!"

"అది మా లెక్కలోకి రాదండీ."

"బుద్ధున్న ఏ రైతైనా ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు బాగున్నానంటాడా? మీ ఇంట్లో పిల్లాడు బొద్దుగా ఉంటే దిష్టిచుక్క పెట్టరా?"

"పెడతామండీ. కానీ దిష్టిచుక్కకు చార్టులో గడి లేదు."

"పోనీ బోర్డు తీయించండి."

"బోరింగు ఉంటే బోర్డు ఉండాలండీ."

"అయితే రెండూ తీసుకుపోండి!"

కాగితం నన్నే టైపు చెయ్యమన్నారు. "మా బజారువారమందరమూ అన్ని విధాల సంతోషముగా ఉన్నాము, మాకు బోరింగు అక్కర లేదు." నేను తప్పు లేకుండా టైపు చేశాను. ఆయన సంతకం చేసి, ఊళ్లో మిగతావాళ్లతో చేయించి మర్నాడే పంపారు.

యంత్రం అప్పటికే అద్దంకి దాటింది. వెనక్కి తిప్పితే పై ఆఫీసుకు కారణం రాయాలి. జయరావు గారు తల పట్టుకున్నారు. నేను నెమ్మదిగా "సార్, ఆ ఊళ్లోనే పేట ఉంది కదా" అన్నాను.

"అది పదో మెట్టు కదమ్మా."

"పదో మెట్టు మీదవాళ్లకు దాహం వేయదని నిబంధనల్లో ఉందా సార్?"

ఆయన నిబంధనల పుస్తకం తీసి నిజంగానే వెతికారు. లేదు. మీ పేటకు రాశారు.

ఇక నువ్వు జాగ్రత్తగా వినాల్సింది. బోరింగు వేశాక మళ్లీ వచ్చి అడుగుతారు. మీ అంకె తగ్గితే, నీళ్లు ఇచ్చి మీ ఆనందం చెడగొట్టామని రాయడానికి దొరగారు సిద్ధంగా ఉన్నారు. చుట్టుపక్కల పేటలకు ఇక బోరింగులు రావు. ఈసారి చర్చిలో కాకుండా ఒక్కొక్కరినీ విడివిడిగా అడగాలని మాత్రం పట్టుబట్టి ఒప్పించాను. నా చేతిలో ఉన్నది అంతవరకే.

అక్క,
జయకుమారి

*

గరికపాలెం పేట,
23 నవంబరు 1986

ప్రియమైన అక్కకు వందనాలు.

నీళ్లు పడ్డాయి. ఉప్పు లేని నీళ్లు. మొదటి బిందె పాస్టరు గారు ప్రార్థన చేసి కొట్టారు. రెండో బిందెకే కొట్లాట మొదలైంది.

బోర్డు కూడా వచ్చింది గానీ అత్త పాతనివ్వలేదు. "మేం మిక్కిలి దుఃఖంవాళ్లం కాము. నీళ్లు లేనివాళ్లం, అంతే" అంది. యంత్రం మనిషి బోర్డు ఎక్కడో ఒకచోట ఉండాలన్నాడు. ఇప్పుడది మా కోళ్లగూటికి కప్పు. రాతపక్క లోపలికి ఉంది.

సర్వే అమ్మాయి పోయిన మంగళవారం వచ్చింది. నువ్వు రాసింది అత్తకు ముందే చెప్పి ఉంచాను, అత్త పేటంతటికీ చెప్పింది. చెప్పక్కర్లేకపోయినా పదే చెప్పేవాళ్లు. కానీ ఆ పిల్ల వచ్చేసరికి బోరింగు దగ్గర జుట్లు పట్టుకునే దాకా వెళ్లింది.

"ఏమే కరుణమ్మా, ఇప్పుడేగా పట్టుకున్నావు, మళ్లీ బిందె పెడతావేం? నీ అబ్బ వేయించాడా బోరింగు?" అంటోంది అత్త తోటికోడలు.

"నీ అబ్బ వేయించాడా? చర్చిలో ముందు లేచింది మేం!"

"అమ్మా, మీరు ఏ మెట్టు..." అని ఆ పిల్ల అడిగింది.

"పదమ్మా, పది! రాసుకో. స్తోత్రం! తియ్యవే నీ బిందె, తంతాను!"

"నాదీ పదేనమ్మా! తన్నవే చూద్దాం!"

ఆ పిల్ల భయపడి దూరంగా నిలబడే రాసుకుంది. ఊళ్లోకి వెళ్తే చెంచురామయ్య గారు ఎదురొచ్చి పది రాయించుకున్నారట. బజారంతా పదేనట. ఇక మన ఊళ్లో కష్టపడేవాళ్లు ఎవరూ లేరు. మీ చార్టుకు ఇంకో ముక్క అతికించుకోండి. వెంకటేశ్వరమ్మకు వేరే సంబంధం కుదిరింది, అబ్బాయి మంచివాడంటున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. అత్త తనే వచ్చి బోరింగు కొడుతోంది. వంగక్కర్లేదు, మోకాళ్లు పట్టడం లేదంటోంది. మొన్న అన్నం తింటూ, నా వైపు చూడకుండా "మీ అమ్మ దగ్గు ఎలా ఉందో వెళ్లి చూసిరా. పది రోజులుండు. నీళ్లకేం, ఇంటి ముందే" అంది. నేను లేచి ఆమెకు ఇంకాస్త అన్నం పెట్టాను. నీ మరిది బుధవారం నన్ను పిడుగురాళ్ల బస్సు ఎక్కిస్తారు. ఈ ఉత్తరం అక్కడ డబ్బాలో వేస్తాను.

ఆ పిల్ల నన్ను విడిగా, కోళ్లగూటి పక్కన కూర్చోబెట్టి అడిగింది. అత్త బోరింగు దగ్గర ఉంది. నా బదులు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఇది సాక్ష్యం కాదు, మనవీ కాదు. దిష్టి భయమూ లేదు. అలాంటి చోట ఏం చెప్పాలో మనకెవరూ నేర్పలేదు కదా. ఆలోచించాను. ఆలోచిస్తే ఆ పిల్ల తొందరపెట్టలేదు, మంచిది.

"ఏడు" అన్నాను.

ఆ పిల్ల తలెత్తి చూసింది. "ఏడా? సరిగ్గానే చెప్పారా అక్కా? ఈ ఊళ్లో ఇంతవరకు ఎవరూ ఏడు చెప్పలేదు."

"ఏడే" అన్నాను. రాసుకుంది.

ఒక్క ఏడుతో పక్క పేటకు బోరింగు ఆగదు కదా? ఆగేటట్టుంటే నువ్వు పది చేసెయ్యి, నేనేమీ అనుకోను. ఆగకపోతే మాత్రం తప్పనుకుని కొట్టేయనివ్వకు. అది నేను సొంతంగా చెప్పిన మొదటి అంకె. ఆ మూడు మెట్లు ఎందుకు తగ్గాయో అడిగితే నాకే సరిగ్గా తెలియదు. అమ్మను చూశాక ఒకటి తెలుస్తుందేమో.

చదవగానే ఈ ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టు అక్కా. దాచొద్దు, చింపి పారెయ్యొద్దు, కాల్చేసెయ్యి. అత్త క్రిస్మస్‌కు మీ ఇంటికి వస్తానంటోంది, నా ఉత్తరం కనపడితే చదివి వినిపించమంటుంది. నేను ఏడన్నానని తెలిస్తే, ఆ తగ్గిన మూడూ తనవల్లేనని అనుకుంటుంది.

నీ చెల్లెలు,
రెబ్కా